మగ్గం గుంతలో పరీక్ష కప్పలు

మా బాపు చదువు వద్దనే మనిషి కాడు. షరతులు పెట్టే మనిషి. నేను కరీంనగర్ కాలేజీలో పీయూసీలో చేరిన రోజున ఆయన పెట్టిన షరతు ఒక్కటే. పరీక్షలన్నీ ఒక్కసారికే పాసైతే హైదరాబాదు పంపిస్తాడు, డిగ్రీ చదువుకోవచ్చు. ఏ ఒక్కటి తప్పినా ఇంట్లో రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టాలి.

కండె అంటే తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. బట్టలో అడ్డంగా పోయే నూలును చుట్టిపెట్టే చిన్న పుల్ల అది. దాన్ని నాడెలో పెట్టి మగ్గం మీద అటూ ఇటూ విసురుతారు. మగ్గం మీద మగవాడు ఒక్కడు కూర్చుంటే చాలు, ఆయనకు కండెలు అందించడానికి ఇంట్లోని ఆడవాళ్లందరూ పుట్టి ఉండాలి. నేత గురించి ఉపన్యాసాలు ఇచ్చేవాళ్లు మగ్గం చప్పుడు ఎంత బాగుంటుందో చెబుతారు గాని, రాట్నం ముందు కూర్చున్న ఆడదాని నడుము సంగతి ఒక్కరూ ఎత్తగా నేను వినలేదు. నా చిన్నతనమంతా ఆ రాట్నం ముందే గడిచింది. మిగతా బతుకు కూడా అక్కడే గడపడం నాకు ఇష్టం లేదు.

ఫిజిక్సు, కెమిస్ట్రీ బట్టీపడితే గట్టెక్కేవే. భయమంతా బయాలజీ ప్రాక్టికల్సుతోనే. కాలేజీ లేబొరేటరీలో నలుగురికి ఒక కప్ప ఇచ్చేవారు. మా జట్టులో ముగ్గురు మగపిల్లలు, నేను. కత్తెర వాళ్ల చేతిలో, కప్ప వాళ్ల ముందు, గుండుసూదుల డబ్బా నా చేతిలో. వాళ్ల భుజాల సందులోంచి ఎంత కనిపిస్తే అంతే నేను నేర్చుకున్న జంతుశాస్త్రం. ఒకసారి కత్తెర అడిగితే, "మీకు కండ్లు తిరుగుతయేమో" అన్నాడు ఒకడు. చివరికి తిరిగింది వాడికే, అది వేరే సంగతి. వెళ్లి లెక్చరరుతో చెప్పాను. "చూసి నేర్చుకో అమ్మా" అన్నారాయన. "ఈత గూడ చూసే నేర్చుకుంటరా సార్" అని అడిగాను. ఆ తరువాత నాకు గుండుసూదుల డబ్బా కూడా దక్కలేదు.

పరీక్షలో మాత్రం ఎవరి కప్పను వాళ్లే కోయాలి. అందుకే ట్యూషన్ పెట్టించుకున్నాను.

మా సాలెవాడకు రెండు సందుల అవతల హైస్కూలు సైన్సు సారు ఒకాయన ఉండేవారు. నిజాం కాలంలో ఉర్దూలో ఇంటర్మీడియట్ చదివిన మనిషి. ఎండాకాలంలో కూడా నల్ల షేర్వానీ మెడదాకా గుండీలు పెట్టుకుని వచ్చేవారు. ఫీజు మాట ఎత్తితే చెవులు మూసుకుని, బాపు నేసిన దుప్పటి ఒకటి ఇస్తే చాలన్నారు. ఆయనకు ప్రతి అవయవం ముందు ఉర్దూలో గుర్తొచ్చేది, తరువాత తెలుగులో, పుస్తకం తిరగేస్తే గాని ఇంగ్లీషులో వచ్చేది కాదు. నేను పరీక్ష రాయవలసింది ఇంగ్లీషులో.

పరాయి మగవాడు ఇంటికొచ్చి ఎదిగిన పిల్లకు పాఠం చెబుతుంటే, మేము అవ్వ అని పిలిచే మా అమ్మ ఊరుకుంటుందా. తన రాట్నం తెచ్చి సరిగ్గా మా ఇద్దరి మధ్య వేసుకునేది. సారు సుద్దముక్కతో బండల మీద ఇంత పెద్ద కప్పను గీసి, పొట్ట తెరిచి, ఒక్కొక్కటి చూపిస్తూ పోయేవారు. "ఇది దిల్. ఇది జిగర్. ఇవి రెండు గుర్దాలు."

అవ్వ రాట్నం ఆపి చూసేది. "గివన్ని కటికె దుకాణంల దొరుకుతయి గద సారూ. దీనికి కాలేజెందుకు?"

"అక్కడ మేకయి అక్కా. ఇవి కప్పయి."

"కప్పయి దొరికినా ఎవలు కొంటరు?"

ఎంత ఎగతాళి చేసినా, పాఠం అయిపోయాక ఆ బొమ్మను ముగ్గును చూసినట్టు చూసి, తొక్కకుండా పక్కనుంచి నడిచేది మా అవ్వ. సారు గీసే బొమ్మ అంత బాగుండేది మరి.

దసరా వానలు పడుతుండగా సారు ఒక మాట చెప్పారు. "బేటా, పరీక్ష మార్చిల ఉంటది. మార్చిల కరీంనగర్‌ల కప్ప దొరకది. ఎండకు అన్ని భూమిలకు జొర్రుతయి. ఇప్పుడే పట్టి పెట్టుకోవాలె."

మాట ఆయనది, పట్టింది నేను. ఊరి బయట పొలం మడిలో మోకాలిదాకా బురదలో దిగి నేను తట్టతో దేవుతుంటే, సారు ఒడ్డు మీద గొడుగు పట్టుకుని "అగో అక్కడ, అగో అక్కడ" అని చూపించారు. ఒక కప్ప ఆయన చెప్పు మీదికి దూకింది. ఆ తరువాత ఆయన గొంతు ఇంకా దూరం నుంచి వినిపించింది. షేర్వానీకి బురద అంటుతుందని కాబోలు అనుకున్నాను.

తట్ట నిండా కప్పలతో ఇంటికొస్తే వాటిని ఎక్కడ పెట్టాలన్నది తగువు. నీళ్ల గోలెం వైపు నేను చూడగానే అవ్వ దానికి అడ్డం నిలబడింది. మా ఇంట్లో ఏడాది పొడుగునా చల్లగా, తడిగా ఉండే చోటు ఇంకొకటే ఉంది. అది బాపు మగ్గం గుంత. నేతగాడు కాళ్లు గుంతలోకి దించి నేల మీద కూర్చుని నేస్తాడు. గాలి ఎండిపోతే నూలు తెగుతుంది కాబట్టి ఆ గుంతను నీళ్లు చిలకరించి తడిగా ఉంచుతారు.

"నా కాళ్ల సందుల కప్పలా?" అన్నాడు బాపు.

"కొన్ని దినాలే బాపూ. సారు ఏదన్న జాగ చూస్తడు."

సారు ఏ జాగా చూడలేదు. చూస్తారని నేనూ అనుకోలేదు. బాపు నాలుగు రోజులు సణిగాడు. ఐదో రోజు నుంచి సణగడం ఆపాడు. అప్పుడే నాకు అనుమానం రావలసింది.

జరిగిందేమిటంటే, మగ్గం మీద సాగదీసిన పడుగుకు, అంటే నిలువు పోగులకు, గంజి పట్టిస్తారు. ఆ గంజి కోసం బొద్దింకలు వస్తాయి, వచ్చి గంజితో పాటు పోగులు కూడా కొరికిపెడతాయి. తెల్లారి లేచి తెగిన పోగులు అతుక్కోవడం బాపుకు నిత్యం ఉన్న తిప్పలు. కప్పలు దిగాక ఆ తిప్పలు పోయాయి. గుంతలో ఒక మట్టి చిప్ప పాతి అందులో నీళ్లు పోయడం మొదలుపెట్టాడు బాపు. గుంతలో మగ్గాన్ని ఆడించే పలకలు తొక్కబోయే ముందు పాదంతో మెల్లగా తడిమి చూసుకునేవాడు, ఏదైనా కింద పడుతుందేమోనని. చిన్నప్పుడు నా కాలి మీద పీట పడేసిన రోజున కూడా ఆయన అంత జాగ్రత్తగా కిందికి చూడలేదు. వాడకట్టులో మిగతా మగ్గాలవాళ్లు వచ్చి చూసి అడిగితే, పెద్ద మనసు చేసుకుని తలా ఒకటి రెండు పంచాడు కూడా. నా కప్పల్ని. నన్ను అడగకుండా.

మార్చి వచ్చింది. పరీక్షల ముందు సెలవులు ఇచ్చారు. ఊళ్లో మడులన్నీ ఎండి నెర్రెలు వారాయి. ఒక ఉదయం మగ్గం దగ్గరికి వెళ్లి నిలబడ్డాను.

"బాపూ, ఒక కప్ప గావాలె."

బాపు నాడె విసరడం ఆపలేదు. "ఎందుకు?"

"ఎందుకేంది. కొయ్యనీకి. అందుకే గద తెచ్చింది."

"తెచ్చింది నువ్వు. సాదింది నేను."

"నువ్వేం సాదినవ్? అవి బొద్దింకలు తిని బతికినయి."

"బొద్దింకలు ఎవ్వలియి? నా ఇంటియి. నా గంజి తాగి బలిసినయి."

ఈ వాదనలో తప్పు ఎక్కడుందో ఇన్నేళ్లకూ నాకు దొరకలేదు. నాకు దొరకలేదంటే చిన్న విషయం కాదు.

"నేను ఫేలైతె?"

"ఫేల్ ఎందుకైతవ్? సారు మంచిగ బొమ్మ గీసి చెప్తుండు గద. పని జేసే జీవాన్ని కోస్తరా ఎవలన్న?"

వంటింట్లోంచి అవ్వ వచ్చింది. "ఏందయ్యా, బిడ్డ కంటె కప్ప ఎక్కువైందా నీకు?"

"ఎక్కువ తక్కువ ముచ్చట గాదు. గీ యేడు పడుగుల ఒక్క పోగన్న కొరికిందా బొద్దింక? నువ్వే జెప్పు."

అవ్వ ఆలోచించింది. "అదైతే నిజమే" అని మళ్లీ వంటింట్లోకి పోయింది. మా ఇంట్లో నా పక్షాన నిలిచిన సాక్షులందరూ ఇలాంటివాళ్లే.

సాయంత్రం సారు రాగానే ఫిర్యాదు చేశాను. ఆయన నా తరఫున రెండు మాటలు గట్టిగా చెబుతారనుకున్నాను. ఆయన మొత్తం విని, గడ్డం నిమురుకుని, "అన్న చెప్పేది గూడ న్యాయంగనే ఉన్నది బేటా. జాన్ ఉన్నది గద దానికి, అది గూడ పానమే. మనం డయాగ్రం ఇంకోసారి వేసుకుందం" అన్నారు. అలా అంటున్నప్పుడు ఆయన ముఖంలో దయ కాదు, పెద్ద బరువు దిగిన సంతోషం కనిపించింది.

"సారూ, ఒక ముచ్చట అడుగుతా. మీరు ఎన్ని కప్పలు కోసిండ్రు?"

"కోసుడంటే..." ఆయన పై గుండీ ఒకటి విప్పి మళ్లీ పెట్టుకున్నారు.

"ఒక్కటన్న కోసిండ్రా?"

లోపల మగ్గం చప్పుడు ఆగింది. అవ్వ రాట్నమూ ఆగింది.

"మా యేడు గడబిడల కాలేజి మూసిండ్రు బేటా. ప్రాక్టికల్స్ లేకుంటనే పాస్ జేసిండ్రు. నిజం జెప్పాలంటే నాకు అదే మంచిగైంది. నెత్తురు జూస్తె నాకు జర చక్కరొస్తది, కండ్లు తిరుగుతయి."

గోడ అవతల నుంచి బాపు గొంతు వినిపించింది. "గట్లనా సారూ. మరి గిన్ని దినాలు పొట్ట తెరిచి చూపెడితిరి?"

"బొమ్మల నెత్తురుండది గద అన్నా."

నాకు ఏడుపు రావాలి. కోపం వచ్చింది. ఒకాయన కోయడం రాక, ఇంకొకాయన కోయనివ్వక, ఇద్దరు మగవాళ్లు కలిసి నన్ను రాట్నం ముందుకు నెట్టేస్తున్నారని అర్థమైంది. అయితే ఆ రాట్నమే నా చేతిలో ఉందన్న సంగతి కూడా అప్పుడే తట్టింది. సెలవులు కాబట్టి పొద్దున చదువు, మధ్యాహ్నం కండెలు అన్న లెక్కన ఇంట్లో సగం కండెలు నేనే చుడుతున్నాను.

"కప్ప ఇచ్చేదాంక ఒక్క కండె గూడ చుట్టను" అని చెప్పి పుస్తకం తీసుకుని గడపలో కూర్చున్నాను.

మరునాడు మధ్యాహ్నానికి మగ్గం ఆగిపోయింది. అవ్వ ఒక్కతి ఎంతని చుడుతుంది. బాపు ఖాళీ నాడె చేతిలో పట్టుకుని నా ముందు నుంచి రెండుసార్లు నడిచాడు. నేను కప్ప జీర్ణవ్యవస్థను గట్టిగా పైకి చదివాను. మూడోసారి ఆగి, "ఒక్కటే" అన్నాడు. "గది గూడ నేను జూపెట్టిందే."

ఆయన గుంతలోకి దిగి చాలాసేపు ఎంచాడు. కోడలిని ఎంచేటప్పుడు కూడా మనుషులు అంత తర్జనభర్జన పడరు. చివరికి మూల కదలకుండా కూర్చున్న లావుపాటి దాన్ని ఎత్తి తెచ్చాడు. "గిది ఒట్టి బద్దకపుది. పనికి ఒంగదు. గిదే తీస్కో."

పొద్దున్నే వాకిట్లో ఏర్పాట్లు చేశాను. పళ్లెం ఇవ్వనని అవ్వ ముందే చెప్పింది కాబట్టి పాత చెక్క మీద మైనం కరిగించి పోశాను. గుండుసూదులకు బదులు తుమ్మ ముళ్లు. బాపు గడ్డం గీసుకునే బ్లేడు. సారు ఎవరో కంపౌండరును అడిగి చిన్న సీసాలో క్లోరోఫాం తెచ్చారు. ఆ సీసాను చేయి బారుగా చాచి పట్టుకుని సందులన్నీ దాటి నడిచి వచ్చారట. తెచ్చి ఇచ్చి, తలుపు అవతలికి పోయి, గోడ వైపు తిరిగి కూర్చున్నారు. పాఠం అక్కడి నుంచే.

"చర్మం తీసినవా?"

"తీసిన సారూ."

"లోపటి పొర మీద నడుమన సన్నటి నరం కనవడుతది. దాన్ని ముట్టద్దు. తెగితె అంత నెత్తురే. జర పక్కకు కొయ్యి."

చూశాను. ఆయన చెప్పిన చోటే, చెప్పినట్టే ఉంది. "మీరు చూడకుంట ఎట్ల చెప్పిండ్రు?"

"డయాగ్రంల నీలి రంగు ఉంటది."

అవ్వ చెక్క కదలకుండా పట్టుకుని నాకంటే దగ్గరగా వంగి చూస్తోంది. పొర తెరవగానే అంది, "అగో దిల్. ఇంక కొట్టుకుంటనే ఉన్నది సారూ, వచ్చి చూడుర్రి."

తలుపు అవతల ఏదో ధబ్బున పడ్డ చప్పుడైంది. బాపు మగ్గం మీంచి లేచి పరుగెత్తాడు. చేతికందింది కప్పలకు పోసే నీళ్ల చెంబు కాబట్టి ఆ నీళ్లే సారు ముఖం మీద చల్లాడు. షేర్వానీ తడిసింది. అయినా, చెప్పుకోవాలి, కళ్లు తెరిచిన వెంటనే ఆయన అడిగిన మాట, "బేటా, నరం తెగలే గద?" తెగలేదన్నాను. "షాబాష్" అని మళ్లీ కళ్లు మూసుకున్నారు.

గుండె చూశాను, కాలేయం చూశాను, పేగులు విప్పి ముళ్లతో పరిచాను. ఆఖరున కడుపు కోశాను. లోపల బొద్దింకల రెక్కలు, కాళ్లు, నిన్న మొన్నటివి అయి ఉంటాయి, ఇంకా నిగనిగలాడుతున్నాయి. సారుకు గాలి విసురుతూ బాపు మెడ చాచి చూశాడు.

"అగ్గో" అన్నాడు. "నేను దీన్ని బద్దకపుది అనుకుంటి."

ఆ రోజు ఆయన అన్నం సరిగ్గా తినలేదు.

పరీక్ష రోజున సారు, బాపు ఇద్దరూ కాలేజీ గేటుదాకా వచ్చారు. నాకు భయం లేదు. కళ్లు మూసుకున్నా కప్పను కోయగలను. లేబొరేటరీలో బల్ల మీద చీటీలు మడిచి పెట్టారు. ఎవరు తీసిన చీటీలో ఏది ఉంటే వాళ్లు అది కోయాలి. మా లెక్చరరు అది మాకు ఏడాది పొడుగునా చెప్పలేదు. నా పక్కవాడికి కప్ప వచ్చింది, నాకు కత్తెర ఇవ్వనివాడే. నా చీటీ విప్పాను. బొద్దింక, నాడీమండలం.

బొద్దింక లోపలి నాడీ తాడు నూలుపోగు కంటే సన్నం. కొవ్వు లాంటి తెల్లటి పదార్థంలో కూరుకుపోయి ఉంటుంది. సాధన లేనిదే చెయ్యి నిలవదు. సాధన చేద్దామన్నా దసరా తరువాత మా ఇంట్లో కప్పల కంటపడకుండా ఒక్క బొద్దింక మిగలలేదు, బాపు దయవల్ల మా వాడకట్టు మొత్తంలోనే మిగలలేదు. బొమ్మ గుర్తు తెచ్చుకుని కోశాను. తాడు సగం దాకా వచ్చి పుటుక్కున తెగింది.

పరీక్ష చేయడానికి వచ్చినాయన కృష్ణానది అవతలి మనిషి, తెల్లటి పంచె, బంగారు ఫ్రేము కళ్లజోడు. వంగి చూశారు.

"ఏమ్మా, మధ్యలో తెగిపోయిందే?"

"తెగింది సార్. రెండు ముక్కలు మాత్రం ఉన్నయి."

"ఇంటి దగ్గర ప్రాక్టీసు చేసుకోలేదూ? బొద్దింకలకేం కరువమ్మా మీ ఊళ్లో?"

"మా ఇంట్ల కరువే సార్. కప్పలు తిన్నయి."

అదెలా అని ఆయన అడగడమే పొరపాటు. మగ్గం గుంత దగ్గరి నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాను. ఆయన నమ్మలేదు. "కప్ప నీళ్ల దగ్గర బతికే జంతువమ్మా. ఇంట్లో, మగ్గం కింద, నెలల తరబడి ఎలా బతుకుతుంది?"

"పుస్తకంల చర్మం తడిగ ఉండాలె అని ఉన్నది గని నీళ్లల్లనే ఉండాలె అని లేదు సార్. చర్మంతోని గూడ గాలి పీల్చుకుంటది గద. మగ్గం గుంత ఎప్పటికి తడిగనే ఉంటది. మీరు ఎన్నడన్న గుంతల దిగిండ్రా?"

ఆయన వెనకాల నిలబడ్డ మా లెక్చరరు ఆపమని చేతులు ఊపుతున్నారు. పరీక్షలో ప్రశ్నలు అడగవలసింది ఎవరో మేమిద్దరమూ అప్పటికే మరిచిపోయాం. కప్ప నాలుక ఎటు అతుక్కుని ఉంటుందని ఆయన అడిగారు, చెప్పాను. పళ్లు ఉంటాయా అన్నారు, పై దవడకే అన్నాను. కడుపులో స్వయంగా ఏం చూశావన్నారు, రెక్కలతో సహా చెప్పాను. వెనక వరుసలో ఉన్నవాళ్లు గడియారం చూసుకుంటున్నారు. చివరికి ఆయన కాగితం మీద ఏదో వేసి, "వాదన కాస్త తగ్గించుకో అమ్మా" అన్నారు. తగ్గిస్తే ఎన్ని మార్కులు పెరుగుతాయని అడగబోయాను. లెక్చరరు ముఖం చూసి ఊరుకున్నాను.

గేటు దగ్గర ఇద్దరూ లేచి నిలబడ్డారు.

"ఏమొచ్చింది బేటా?"

"బొద్దింక."

సారు నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నారు.

"మరి నా కప్పనెందుకు గోస్తివి?" అన్నాడు బాపు.

ఇల్లు చేరగానే గుంత దగ్గరికి పోయి చిప్పలో నీళ్లు నింపాడు.

ఫలితాలు ఎండలు ముదిరాక వచ్చాయి. అన్నీ పాసయ్యాను, బయాలజీ ప్రాక్టికల్స్ అంచు మీద నిలబడి. గీత దాటి ఎంత ముందుకు వచ్చానని బాపు చూడలేదు. షరతు షరతే. ఆడిన మాట ప్రకారం హైదరాబాదు పోవచ్చన్నాడు. సారు మిఠాయి పంచారు. అవ్వ పెట్టె సర్దింది. నేను పోయాక కండెలు ఎవరు చుడతారన్న మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ఎత్తకపోవడం నాకు అనుమానంగానే ఉండింది.

బయలుదేరే రోజు పొద్దున లేచి చూస్తే బాపు రాట్నం ముందు కూర్చుని ఉన్నాడు. కాళ్లు ఎటు పెట్టుకోవాలో తెలియక రెండూ ఒకవైపే మడుచుకుని, పెదవి కొరుక్కుంటూ చుడుతున్నాడు. పెట్టె ఎత్తుకుని పక్కనుంచి పోవలసినదాన్ని, ఆ కండె చూసి ఆగాను.

"బాపూ, వదులుగ చుడుతున్నవ్. నాడెల చిక్కుపడ్తది."

"మగ్గం మీద ఇన్నేండ్ల సంది కూసున్న. నాకు నేర్పుతవా?"

"మగ్గం మీద గూసున్నవ్. రాట్నం కాడ ఎన్నడు గూసున్నవ్? లే, చూపెడత."

"బస్సు పోతది, నడువ్."

"పోతె ఇంకో బస్సున్నది. గట్ల గాదు, ఏలు ఇట్ల పెట్టాలె."

"నా ఏలు అటు ఒంగది."

"ఒంగుతది. గుంతల కప్పను తడుముటానికి కాలు ఒంగలేదా?"

గడపలో పెట్టె మీద కూర్చున్న అవ్వ, మమ్మల్ని ఆపే ప్రయత్నమేమీ చేయకుండా తమలపాకు నమిలింది. మొదటి బస్సు పోయింది. రెండో బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాక కూడా, కింద నిలబడ్డ బాపుకు నేను బొటనవేలు ఎలా ఆనించాలో చెబుతూనే ఉన్నాను. ఆయన కాదంటూనే ఉన్నాడు. బస్సు కదిలింది గనక ఆగాం.